పుస్తకం కొనేముందు పేజీ కిందికి దిగండి

హక్కుల గడువు తీరిన పాత నవల ఏదైనా ఒకటి తీసుకుని, దాని పేరు ఆన్‌లైన్ పుస్తకాల దుకాణంలో కొట్టి చూడండి. ఇరవయ్యో ముప్ఫయ్యో ఫలితాలు వస్తాయి. అట్టలు వేరు, వెలలు వేరు, ప్రచురణకర్తలు వేరు. నక్షత్రాలూ సమీక్షలూ మాత్రం చాలాసార్లు అన్నిటికీ ఒకటే. ఆ ముప్ఫైలో ఒకటి, పండితుడెవరో పాఠం సరిచూసి పీఠికా, టిప్పణులూ రాసిన కూర్పు అయివుంటుంది. ఇంకొకటి పిల్లల కోసం కుదించినది. నాలుగైదు మాత్రం, ఎవరో నెట్‌లో దొరికే ఉచిత ఫైలు దింపుకుని, దానికో అట్ట తగిలించి, ఆర్డరు వచ్చినప్పుడల్లా ఒక్కో కాపీ అచ్చు వేయించేవి. అట్ట బొమ్మ చూసి వీటిని విడదీయడం ఎవరి తరమూ కాదు.

విడదీసే సరంజామా అంతా పేజీ అడుగున 'వివరాలు' అన్నచోట ఉంటుంది: ప్రచురణకర్త, తేదీ, పేజీలు, కొలతలు, బరువు, ఐఎస్‌బీఎన్ అనే గుర్తింపు నంబరు. దుకాణంవాళ్లు పుస్తకం తెరిచి చూసి ఇవి రాసుకోరు. ప్రచురణకర్తలు ఓనిక్స్ అనే ఒక పద్ధతి ప్రకారం ఫైలు తయారుచేసి అన్ని దుకాణాలకూ పంపుతారు, దుకాణం దాన్ని ఉన్నదున్నట్టు పేజీలోకి ఎక్కిస్తుంది. చాలాసార్లు ఆ ఫైలు పుస్తకం అచ్చుకు వెళ్లకముందే వెళ్లిపోతుంది కాబట్టి పేజీల సంఖ్య అప్పటికి అంచనా మాత్రమే. తరవాత దాన్ని దిద్దే ఓపిక అందరికీ ఉండదు. తప్పులు ఉంటాయి. అయితే తప్పులన్నీ ఒకేసారి ఒకే దిక్కుగా జరగవు కనక, రెండు మూడు అంకెలు ఒకదాంతో ఒకటి పోల్చి చూస్తే నిజం బయటపడుతుంది.

ముందు ఐఎస్‌బీఎన్. 2007 జనవరి 1 నుంచి దీనికి 13 అంకెలు, అంతకుముందు 10. పదమూడు అంకెలది 978తోనో 979తోనో మొదలవుతుంది. ఒక రచనకంతటికీ కలిపి ఒక నంబరు ఉండదు, ప్రతి రూపానికీ ఒకటి ఉంటుంది. గట్టి అట్టది ఒకటి, పేపర్‌బ్యాక్‌ది ఒకటి, ఈబుక్‌ది మరొకటి, సవరించిన కొత్త కూర్పుకి ఇంకొకటి. అందుకే, ఎవరైనా ఒక పుస్తకం బాగుందని చెప్తే, ఆ కాపీ ఐఎస్‌బీఎన్ అడిగి తీసుకోండి. వెతుకుపెట్టెలో పేరుకి బదులు ఆ అంకెలు కొడితే ముప్ఫై ఫలితాలు కాస్తా ఒకటో రెండో అవుతాయి.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. పాత పుస్తకం వెనక 10 అంకెలే ఉంటే, ముందు 978 చేర్చి కొడతారు. ఏమీ దొరకదు. కారణం, చివరి అంకె మిగతా అంకెల నుంచి లెక్కగట్టేది. పది అంకెలకీ పదమూడు అంకెలకీ ఆ లెక్క వేరు. ఒక ఉదాహరణ చూడండి. 0 306 40615 2 అనే పది అంకెల నంబరు ఉంది. చివరి 2 తీసేసి ముందు 978 పెడితే 978030640615 వస్తుంది. ఎడమ నుంచి ఒక్కో అంకెనీ వరసగా 1తో, 3తో, మళ్లీ 1తో, 3తో హెచ్చించి కూడండి: 9, 21, 8, 0, 3, 0, 6, 12, 0, 18, 1, 15. మొత్తం 93. దాన్ని తరవాతి పదుల అంకెకి, అంటే 100కి చేర్చడానికి 7 కావాలి. కాబట్టి సరైన నంబరు 978 0 306 40615 7. చివర 2 పోయి 7 వచ్చింది. పది అంకెల నంబరు చివర ఎక్స్ అక్షరం కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి, ఆ లెక్కలో 10కి బదులు రాసే గుర్తు అది. 979తో మొదలయ్యేవాటికి మాత్రం పది అంకెల రూపం అసలు లేదు.

ఇక పేజీలూ, కొలతలూ. ఈ రెండూ విడివిడిగా ఏమీ చెప్పవు. కలిపితే చాలా చెప్తాయి. ఇంగ్లీషులో లక్షా ఇరవై వేల మాటల నవల ఉందనుకోండి. మామూలు సైజులో, మామూలు అక్షరంతో పేజీకి 300 నుంచి 350 మాటలు పడతాయి. అంటే అది 340 నుంచి 400 పేజీల దాకా రావాలి. తెలుగులో మాటలు పొడుగు కనక పేజీకి ఇంకా తక్కువే పడతాయి. ఆ నవలనే ఎవరో 150 పేజీల్లో ఇస్తున్నారంటే పేజీకి 800 మాటలన్నమాట. అప్పుడు కొలతల వైపు చూపు తిప్పాలి. 21.6 × 28 సెంటీమీటర్లు అని ఉంటే, పెద్ద కాగితం మీద అంచుల్లేకుండా చీమ అక్షరాలు కుక్కారు. 13 × 20 అని ఉంటే అంతకంటే అన్యాయం: అది కుదించిన ప్రతి, ఆ ముక్క అట్ట మీద వేయలేదంతే.

కాస్త లెక్క చేసే ఓపిక ఉంటే కాగితం నాణ్యత కూడా తెరమీదే తెలుస్తుంది. డెమ్మీ సైజు పుస్తకం దాదాపు 13.8 × 21.6 సెంటీమీటర్లు. 320 పేజీలంటే 160 ఆకులు. ఆకులన్నీ పరిస్తే సుమారు 4.8 చదరపు మీటర్లు. 80 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 80 గ్రాములు తూగే కాగితమైతే లోపలి పేజీల బరువే 380 గ్రాములు, 70 అయితే 335 దాకా, అట్ట బరువు దానికి అదనం. వివరాల్లో బరువు 250 గ్రాములని ఉంటే, అది 50 జీఎస్ఎం చుట్టుపక్కల కాగితం. వెనక పేజీ అక్షరాలు ముందుకి కనిపిస్తూ ఉంటాయి. అలాగే 80 జీఎస్ఎం ఆకు మందం సుమారు పదో వంతు మిల్లీమీటరు కాబట్టి 320 పేజీల పుస్తకం వీపు 16 మిల్లీమీటర్లకి అటూఇటూ ఉండాలి. బరువు తక్కువై మందం ఎక్కువ ఉంటే భయం లేదు, అది నవలలకి వాడే ఉబ్బు కాగితం, చేతికి హాయిగా ఉంటుంది. కొన్నిచోట్ల ప్యాకింగుతో కలిపి బరువు రాస్తారు కాబట్టి యాభై గ్రాముల తేడాకి గొడవపడనక్కర్లేదు.

బొమ్మల పుస్తకాలకి, పటాలకి, వాస్తు చిత్రాలకి కొలతలు చూడకపోతే పెద్ద నష్టం. గోడంత చిత్రాల సంపుటి అనుకున్నది అరచేతిలో పట్టే చిన్న ప్రతిగా వస్తుంది. తెరమీద రెండు అట్టలూ ఒకే సైజులో కనిపిస్తాయి మరి.

తేదీని మాత్రం నమ్మొద్దు. 2023 అని ఉన్నది 2023లో రాసిందనుకుంటాం. పాత పాఠాన్ని ఆ ఏడాది మళ్లీ అచ్చు వేశారని మాత్రమే దాని అర్థం. నవలకి ఫర్వాలేదు. వైద్యం, చట్టం, పన్నులు, కంప్యూటర్ల లాంటి విషయాలకి ఇది ప్రాణం మీదికి తెచ్చే సంగతి. 'పునర్ముద్రణ' వేరు, 'సవరించిన కూర్పు' వేరు. పునర్ముద్రణలో ఏ మార్పూ లేకపోవచ్చు. నమూనా పేజీలుంటే హక్కుల పేజీ తెరవండి. చాలా ఇంగ్లీషు పుస్తకాల్లో అక్కడ 10 9 8 7 6 5 4 3 అని ఒక అంకెల వరస కనిపిస్తుంది. దాంట్లో అన్నిటికన్నా చిన్న అంకె ఏదో అది ఎన్నో ముద్రణో చెప్తుంది. పైన చూపించిన వరస మూడో ముద్రణది. ఆ అంకె పెద్దదైతే పుస్తకం బాగా అమ్ముడుపోయిందని కూడా అర్థం, ఏ నక్షత్రాలకన్నా ఇది నికరమైన సాక్ష్యం.

నమూనా పేజీలు అనగానే అందరూ మొదటి అధ్యాయం చదవడం మొదలెడతారు. మొదటి అధ్యాయం రచయిత తలస్నానం చేసి తయారై వచ్చిన చోటు, అక్కడ తప్పులు దొరకవు. విషయసూచిక చూడండి, హక్కుల పేజీ చూడండి, ఆ తరవాత నమూనా ఎంతవరకు తెరుచుకుంటే అంతవరకు వెళ్లి చిట్టచివరి పేజీ చదవండి. విషయ గ్రంథమైతే చివర అకారాది సూచి ఉందో లేదో విషయసూచికే చెప్పేస్తుంది. నాలుగు వందల పేజీల చరిత్ర పుస్తకానికి సూచి లేదంటే నేనైతే అనుమానిస్తాను. సూచి నమూనాలో తెరుచుకుంటే మీకు బాగా తెలిసిన విషయం ఒకటి అందులో వెతకండి. దానికి ఒక్క పేజీ ఇచ్చారా, ఇరవై పేజీలు ఇచ్చారా అన్నది వెనక అట్ట మీది పొగడ్తలన్నిటికన్నా ఎక్కువ చెప్తుంది.

పాత పేజీలని యంత్రంతో చదివించి, అక్షరాలుగా మార్పించి అచ్చు వేసిన ప్రతులు లోపలి పేజీల్లోనే పట్టుబడతాయి. ఇంగ్లీషులో ఆర్, ఎన్ అక్షరాలు పక్కపక్కన ఉంటే ఎమ్ అయిపోతుంది, 1 అంకె ఎల్ అవుతుంది, పాత పేజీ పైభాగాన ఉన్న శీర్షికా పేజీ నంబరూ వాక్యం మధ్యలో వచ్చి కూర్చుంటాయి. అధోజ్ఞాపికలు పేరాల్లో కలిసిపోతాయి, బొమ్మలు ఎగిరిపోయి 'కింది పటం చూడండి' అన్న మాట మాత్రం మిగులుతుంది. తెలుగులో ఇంకో తంటా ఉంది. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో కూర్చిన పుస్తకాన్ని ఈబుక్‌గా మార్చేటప్పుడు ఒత్తులు జారిపోతాయి, గుణింతాలు పక్క అక్షరానికి అంటుకుంటాయి. ఒక పేజీలో రెండు చోట్ల ఒత్తు విడిపోయి కనిపిస్తే మిగతా పుస్తకమంతా అంతే, వదిలేయండి. పాత పేజీల ఫొటోలు తీసి ఉన్నవి ఉన్నట్టు అచ్చేసే ప్రతులు వేరే రకం. వాటిలో అక్షరదోషాలు కొత్తగా రావు, కానీ ఎవరో గీసిన గీతలు, మరకలు, అంచు తెగిన పేజీలు యథాతథంగా వస్తాయి. వేరే దారిలేని అరుదైన పుస్తకాలకి అవే దిక్కు.

ఒక్క జాగ్రత్త: మీరు చూస్తున్న నమూనా మీరు కొనబోయే కూర్పుది కాకపోవచ్చు. పేపర్‌బ్యాక్ పేజీలో ఈబుక్ నమూనా తెరుచుకోవడం మామూలే. హక్కుల పేజీలోని ఐఎస్‌బీఎన్, కింద వివరాల్లోని ఐఎస్‌బీఎన్ ఒకటేనా అని చూసుకుంటే చాలు.

అనువాదాలకి మరో నియమం. అనువాదకుల పేరు లేని అనువాదం కొనకండి. పేరు లేదంటే, హక్కులు తీరిన ఏ వందేళ్లనాటి అనువాదాన్నో పేరు చెప్పకుండా వాడుకున్నారు, లేదంటే యంత్రం చేత చేయించారు. ఒకే గ్రంథానికి నాలుగు అనువాదాలుంటే, నాలుగింటి నమూనాల్లో ఒకే పేరా పక్కపక్కన పెట్టి చదవండి. పది నిమిషాల పని. ఏది మీ చెవికి ఆనుతుందో తెలిసిపోతుంది. సమీక్షల్ని బట్టి అనువాదం ఎంచుకోవడం కుదరదు, ఎందుకంటే కూర్పులన్నిటి సమీక్షలూ ఒకే కుప్పలో పోస్తారని ముందే అనుకున్నాం. ఆ కుప్పలోంచి పనికొచ్చేవి ఏరాలంటే సమీక్షల్లో వెతికే పెట్టెలో 'బైండింగ్', 'ప్రింట్', 'అనువాదం', 'పేజీలు' లాంటి మాటలు కొట్టి, కొత్తవి ముందు వచ్చేలా అమర్చుకోండి. పుస్తకం గొప్పదా కాదా అన్నది అక్కడ తేలదు. గమ్ము ఊడిపోతోందా లేదా అన్నది తేలుతుంది.

సరే, ఏ పుస్తకం కావాలో తెలిసినవాళ్లకి ఇదంతా. ఏమీ అనుకోకుండా బీరువాల మధ్య తిరగాలనుకునేవాళ్ల సంగతి? అసలు చిక్కు అక్కడుంది. నడిచి వెళ్లే దుకాణంలో వంటల పుస్తకం కోసం వెళ్తే పక్కన వృక్షశాస్త్రం కంటపడుతుంది. తెరమీద వంటల పుస్తకం తెరిస్తే కింద ఇంకో పన్నెండు వంటల పుస్తకాలే వస్తాయి. 'మీకు నచ్చేవి' అని చూపించేవాటిలో చాలాభాగం మీలాంటివాళ్లు ఇదివరకే కొన్నవి. వాటి వెంటపడితే ఒకే వీధిలో గుండ్రంగా తిరుగుతూ ఉంటాం. ముందు లాగవుట్ అవండి, లేదా బ్రౌజరులో ప్రైవేట్ విండో తెరవండి. సిఫార్సుల రంగు మారిపోతుంది.

విభాగాల గురించి కూడా ఒక మాట. పుస్తకాన్ని ఏ విభాగంలో పెట్టాలో మొదట చెప్పేది ప్రచురణకర్తే. దానికి బైసాక్, 2013లో వచ్చిన థీమా లాంటి సంకేతాల పట్టికలున్నాయి. పోటీ తక్కువున్న సందులాంటి విభాగం ఎంచుకుంటే నాలుగు కాపీలమ్మినా ఆ సందులో 'నంబర్ వన్' బిళ్ల వస్తుంది. ఆ బిళ్ల చూసి కొనకండి. కానీ ఆ సందులు మనకి ఉపయోగమే. 'చరిత్ర' అనే పెద్ద బజారులో ఎప్పుడూ అవే యాభై పుస్తకాలు ముందుంటాయి. అడుగుదాకా దిగి 'సముద్రయాన చరిత్ర' దగ్గర ఆగి, వరస 'ఎక్కువ అమ్ముడైనవి' నుంచి 'ప్రచురణ తేదీ'కి మార్చి, మూడో పేజీ నుంచి చూడడం మొదలెట్టండి. మొదటి రెండు పేజీలు ఇంకా అచ్చుకాని పుస్తకాలతోనే నిండి ఉండొచ్చు.

అంతకన్నా మంచి దారి ప్రచురణకర్త పేరు. నచ్చిన పుస్తకం ఒకటి ఉంటే, దాని ప్రచురణ సంస్థ పేరు, గ్రంథమాల పేరు వెతుకుపెట్టెలో కొట్టండి. ఒక సంపాదకుడి అభిరుచితో ఎంపికైన పుస్తకాలన్నీ ఒక వరసలో వస్తాయి, ఏ సిఫార్సు యంత్రమూ ఇంత చక్కగా ఏర్చికూర్చలేదు. అనువాదకుల పేరుతో వెతకడం కూడా ఇలాంటిదే. ఒక భాషలోంచి బాగా అనువదించేవాళ్లు ఎంచుకున్న రచనలు చాలావరకు చదవదగ్గవే అయివుంటాయి. విషయ గ్రంథాలైతే, నమూనాలో చివరి ఉపయుక్త గ్రంథాల పట్టిక తెరుచుకుంటే పండగే. అలా రెండు మూడు పుస్తకాల పట్టికల్లో పదే పదే కనిపించే పేరు ఏదో అదే ఆ రంగంలో మూలగ్రంథం.

తెలుగు పుస్తకాలు వెతికేటప్పుడు తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు రకాలుగా వెతకాలి. పేరు ఎక్కించినవాళ్లు 'త'కి టీ ఒక్కటే రాశారో, టీహెచ్ రాశారో, దీర్ఘానికి 'ఏ' అక్షరం ఒకటి పెట్టారో రెండు పెట్టారో, 'వ'కి వీ రాశారో డబ్ల్యూ రాశారో మనకి తెలియదు. రచయిత ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పూర్తిగా ఉంటుంది, చివరికి కూడా పోతుంది. పేరులో అన్నిటికన్నా చిన్న, తేలికైన మాట ఒక్కటే కొట్టి, భాష దగ్గర తెలుగు అని ఎంచుకోవడం అన్నిటికన్నా తక్కువ శ్రమ. దుకాణంలో సరిగా దొరకని వివరాలు వరల్డ్‌క్యాట్ లాంటి గ్రంథాలయాల ఉమ్మడి పట్టికలోనో, ఓపెన్ లైబ్రరీలోనో చూసుకోవచ్చు. వరల్డ్‌క్యాట్‌లో వివరాలు చాలావరకు గ్రంథపాలకులు రాసినవి, పేజీల సంఖ్యని ఎక్కువ నమ్మొచ్చు.

పాత పుస్తకాలమ్మేవాళ్ల భాష వేరు. అక్కడ 'గుడ్' అంటే బాగుందని కాదు. వాడి వాడి నలిగింది, పేజీలన్నీ మాత్రం ఉన్నాయి అని. నిజంగా బాగుండాలంటే 'ఫైన్', లేదా కనీసం 'వెరీ గుడ్' అని ఉండాలి. 'ఫెయిర్', 'పూర్' చదువుకోవడానికి తప్ప దాచుకోవడానికి కాదు. 'ఎక్స్ లైబ్రరీ' అంటే ముద్రలు, చీటీలు, వీపు మీద అంటించిన నంబరు ఖాయం, కానీ బైండింగు గట్టిదై వెల తక్కువ ఉంటుంది. 'రిమైండర్ మార్క్' అంటే మిగిలిపోయిన సరుకని ఆకుల అంచు మీద గీసిన గీత, లోపల కొత్త పుస్తకమే. 'ఫాక్సింగ్' అంటే కాగితం మీద తేలిన గోధుమరంగు చుక్కలు. వర్ణన ఒక్క ముక్కలో తేల్చేసి, ఫొటో స్థానంలో ప్రచురణకర్త అట్ట బొమ్మే పెట్టారంటే అమ్మేవాళ్లు ఆ కాపీని తెరిచి చూడలేదనుకోవచ్చు. వీపు, లోపలి అట్ట, ఆకుల అంచు ఫొటోలు అడగండి. వాసన ఫొటోలో రాదు, కాబట్టి చెమ్మ వాసన ఉందా అని కూడా అడగాలి.

ఈబుక్ కొంటున్నప్పుడు ఫైలు రకం చూడాలి. ఈపబ్ అయితే అక్షరం పెంచుకుంటే పేరాలు సర్దుకుంటాయి. పీడీఎఫ్ అయితే పేజీ పేజీలాగే ఉంటుంది, చిన్న తెరమీద అటూఇటూ జరుపుకుంటూ చదవాలి. పద్యాలూ, పట్టికలూ, గణితం ఉన్నవాటికి మాత్రం పీడీఎఫే నయం. ఇక తాళం సంగతి, అంటే ఫైలుని కాపీ చేయకుండా, వేరేచోట తెరవకుండా అమ్మేవాళ్లు పెట్టే అడ్డు. తాళం వేసిన ఫైలు కొన్నామంటే కొన్నట్టు కాదు, చదవడానికి అనుమతి తీసుకున్నట్టు. 2009 జూలైలో అమెజాన్, హక్కులు లేనివాళ్లు అమ్మకానికి పెట్టిన ఈబుక్కులని తెలిశాక, కొన్నవాళ్ల కిండిల్ యంత్రాల్లోంచే వాటిని తీసేసి డబ్బు తిరిగిచ్చింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈబుక్ దుకాణం మూసేసినప్పుడు అక్కడ కొన్న పుస్తకాలూ తెరుచుకోవడం మానేశాయి. డబ్బయితే వాళ్లూ వాపసిచ్చారు. మళ్లీ మళ్లీ చదివే పుస్తకమైతే తాళం లేనిది వెతుక్కోండి, లేదా కాగితం మీద కొనండి.

కార్ట్‌లో పదిహేను పుస్తకాలు పడ్డాక వెంటనే డబ్బు కట్టకండి. ఎవరు అమ్ముతున్నారన్నది ఒక్కోదానికీ చూడండి. దుకాణం పేరు ఒకటే అయినా పదిహేనింటికి ఏడుగురు అమ్మకందార్లు ఉంటే, ఏడు పార్సెళ్లు, ఏడు రవాణా ఖర్చులు, ఏడు రకాల వాపసు షరతులు. ఇంకా విడుదలకాని పుస్తకాన్ని వేరే ఆర్డరుగా పెట్టండి, లేకపోతే దానికోసం మిగతావి ఆగిపోవచ్చు. పెద్ద చిత్రాల సంపుటినీ, చిన్న పేపర్‌బ్యాకుల్నీ ఒకే పెట్టెలో తెప్పిస్తే పెద్దదాని మూల చిన్నవాటి అట్టల్లోకి దిగబడుతుంది. ఆర్డరుమీద అచ్చువేసేవి బయల్దేరడానికే కొన్ని రోజులు పడుతుంది, పైగా చాలాచోట్ల వాటిని వెనక్కి తీసుకోరు.

పార్సెల్ వచ్చిన రోజే తెరవండి, వాపసు గడువు పుస్తకం చదవడం మొదలెట్టే రోజు దాకా ఆగదు. అట్ట మూలలు చూసి వదిలేయకండి. చాలా పుస్తకాలు 16 పేజీల ఫారాలుగా అచ్చయి, మడిచి, పేర్చి కుట్టినవో గమ్ము పెట్టినవో. తప్పు జరిగితే ఒక ఫారం మొత్తం ఎగిరిపోతుంది, లేదా అదే ఫారం రెండుసార్లు పడుతుంది, ఒక్కోసారి తలకిందులుగా కూడా కుట్టేస్తారు. కాబట్టి 16 తరవాత 17, 32 తరవాత 33, 48 తరవాత 49 ఉన్నాయో లేదో చూసుకుంటూ పోతే 320 పేజీల పుస్తకానికి పంతొమ్మిది చోట్ల ఆగితే సరిపోతుంది. ముందుమాటకి వేరే అంకెలు వేసివుంటే ఆ లెక్క కాస్త జరుగుతుంది, మొదటి రెండు అతుకులు ఎక్కడ పడ్డాయో కనిపెడితే మిగతావన్నీ అంతే దూరంలో ఉంటాయి. తెల్ల పేజీ తగిలితే వెంటనే ఫొటో తీయండి, పక్క పేజీ నంబరు కూడా అందులో కనపడేలా.